ఎవరూ చూడని మచ్చ

బీటెక్ మొదటి ఏడాది తరగతిలో సెమినార్ ఉన్న రోజు వెనక బెంచీలను ఒకసారి గమనించండి. మొటిమలున్న అబ్బాయి కరోనా రోజులు పోయి ఏళ్లవుతున్నా మాస్కు తీయడు. బొద్దుగా ఉన్న అమ్మాయి పేరు పిలవగానే చున్నీ సర్దుకుంటూ లేస్తుంది, బోర్డు దగ్గరికి చేరేలోపు మరో రెండుసార్లు సర్దుకుంటుంది. ఇద్దరికీ సబ్జెక్టు వచ్చు. రాత్రి హాస్టల్ గదిలో స్నేహితులకు తడుముకోకుండా చెప్పిన పాఠమే అది. అయినా తరగతి ముందు నిలబడేసరికి గొంతు పెగలదు, అరచేతులకు చెమటలు పడతాయి. ‘స్టేజ్ ఫియర్’ అని అందరూ తేల్చేస్తారు. వాళ్లను పీడిస్తున్న భయం మాత్రం పాఠం మరిచిపోతామని కాదు, ‘నన్ను చూసి వీళ్లు ఏమనుకుంటున్నారో’ అని.

మన రూపం గురించి మన మనసులో ఉండే బొమ్మను బాడీ ఇమేజ్ అంటారు. నలుగురిలోకి వెళ్తే తప్పులెంచుతారని, చులకనగా చూస్తారని వెంటాడే భయం సోషల్ యాంగ్జైటీ. కాలేజీ వయసులో ఈ రెండూ తరచుగా కలిసే కనిపిస్తాయి. ఒళ్లు నచ్చని ప్రతి ఒక్కరికీ జనమంటే భయం ఉండాలని లేదు. కానీ ఆ అయిష్టం ‘అందరూ నా లోపాన్నే చూస్తున్నారు’ అన్న నమ్మకంగా మారినప్పుడు కష్టాలు మొదలవుతాయి.

ఆ నమ్మకానికి ఎంత బలం ఉంటుందో 1980లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ మనస్తత్వవేత్తలు రాబర్ట్ క్లెక్, ఏంజెలో స్ట్రెంటా ఒక ప్రయోగంతో చూపించారు. ప్రయోగానికి వచ్చినవాళ్ల ముఖం మీద మేకప్‌తో పెద్ద గాయపు మచ్చ వేశారు. అద్దంలో చూసుకోనిచ్చారు. తర్వాత, మచ్చ పగుళ్లివ్వకుండా కాస్త క్రీము రాస్తామని చెప్పి, వాళ్లకు తెలియకుండా దాన్ని పూర్తిగా తుడిచేశారు. ముఖం మీద ఏ మచ్చా లేకుండానే వాళ్లు వెళ్లి కొత్తవారితో మాట్లాడి వచ్చారు. ఎలా జరిగిందని అడిగితే, అవతలివారు మచ్చనే చూశారని, ఇబ్బందిగా కదిలారని చెప్పారు. ఎదుటివారు మామూలుగా పక్కకు చూసినా, కాస్త ఆగి మాట్లాడినా అదంతా మచ్చ వల్లనే అనిపించింది.

మరి నిజంగానే అందరి కంట్లో పడేది ఏదైనా మన ఒంటి మీద ఉంటే? కార్నెల్ యూనివర్సిటీలో థామస్ గిలోవిచ్ బృందం అదీ పరీక్షించి 2000లో ప్రచురించింది. వేసుకోవడానికి కుర్రాళ్లు సిగ్గుపడే ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, విద్యార్థులను ఒక్కొక్కరిగా నలుగురున్న గదిలోకి పంపారు. గదిలోవాళ్లలో దాదాపు సగం మంది బొమ్మను గుర్తుపట్టి ఉంటారని వాళ్లు అనుకున్నారు. గుర్తుపట్టింది అందులో సగమే, అంటే సుమారు నాలుగో వంతు.

భయం పట్టుకున్న మనిషి దృష్టి ఎదుటివారి మీద ఉండదు, తన మీదే ఉంటుంది. ఈ పరిస్థితిని 1995లో మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ చక్కగా విడమరిచారు. మనసు ఇతరుల కళ్లతో తనను తాను చూసుకుంటున్నట్టు ఊహించుకుని, ఆ ఊహనే నిజమని నమ్ముతుంది. దాంతో దాచుకోవడం మొదలవుతుంది. మే నెల ఎండలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా, నవ్వితే పళ్లకు అడ్డంగా చెయ్యి, గ్రూప్ ఫొటోలో వెనక వరుస, ఆన్‌లైన్ క్లాసులో కెమెరా ఆఫ్. తలొంచుకుని ముక్తసరిగా మాట్లాడేవారిని చూసి తోటివాళ్లు ‘పొగరు’ అనుకుని పలకరించడం మానేస్తారు. ‘నేను బాగుండను కాబట్టే దూరం పెట్టారు’ అని వీళ్లు తీర్మానించుకుంటారు. రక్షణ అనుకున్న దాపరికమే భయాన్ని పెంచి పోషిస్తుంది.

అలాగని ఇదంతా వాళ్ల ఊహేనని కొట్టిపారేయలేం. తప్పులెంచే ఆ కళ్లను వాళ్ల మనసులో పెట్టింది మనమే. సెలవులకు ఇంటికొచ్చిన పిల్లను గుమ్మంలోనే ‘ఇదేంటే, ఇంత నల్లబడ్డావు?’ అంటాం. పెళ్లిలో కలిసిన పిన్ని ‘బాగా ఒళ్లు చేశావు’ అని పదిమందిలో అంటుంది. హాస్టల్లో నల్లోడా, బండోడా, బక్కోడా అన్నవే పేర్లయి కూర్చుంటాయి. తెలుగు సినిమా కామెడీకి లావు, పొట్టి, నలుపు ఏళ్ల తరబడి సరుకయ్యాయి. 1975లో మన మార్కెట్లోకొచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము పేరులోంచి తెలుపును తీసేయడానికి 2020 దాకా పట్టింది. పేరు మారింది గానీ సంబంధాలు చూసేటప్పుడు రంగు అడగడం మానలేదు.

దీనికి మన చదువుల తీరూ తోడవుతోంది. ఇంటర్ రెండేళ్లూ చాలామందికి స్టడీ అవర్లు, వీకెండ్ పరీక్షలతోనే గడిచిపోతాయి. ఆట ఉండదు, వేరే చదువు చదివేవాళ్లతో స్నేహం ఉండదు. కొత్తవారితో మాట కలపడం అలవాటు కాకుండానే పద్దెనిమిదేళ్లకు ఫ్రెషర్స్ డే, గ్రూప్ డిస్కషన్, వైవా ఒక్కసారిగా మీద పడతాయి. ఒళ్లు కూడా అప్పుడే మారుతుంటుంది. మొటిమలొస్తాయి, హాస్టల్లో జుట్టు రాలుతోందని బెంగ పట్టుకుంటుంది. మనుషులు తమను ఇతరులతో పోల్చుకునే తూచుకుంటారని మనస్తత్వవేత్త లియోన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు. అప్పట్లో ఆ పోలిక పక్కింటివారితో, తరగతిలోవారితో. ఇప్పుడది ఫోన్లో ఫిల్టర్లు దిద్దిన ముఖాలతో, అదీ నిద్రపోయేదాకా.

బయటపడే దారి ఉంది. రూపం మార్చుకున్నాక జనంలోకి వెళ్దామని వాయిదా వేయకండి. ‘ఇంకో ఐదు కిలోలు తగ్గాక’ అన్న మాటకు అంతు ఉండదు. దాపరికాలను ఒక్కొక్కటిగా వదలండి. ఈ వారం మాస్కు లేకుండా క్యాంటీన్‌కు వెళ్లండి. ఏం జరుగుతుందని భయపడుతున్నారో ముందే కాగితం మీద రాసుకుని, వచ్చాక ఏం జరిగిందో దాని పక్కనే రాయండి. మాట్లాడేటప్పుడు మీ ముఖం ఎలా ఉందన్న ఆలోచన వదిలి, ఎదుటివారు చెబుతున్న విషయం మీద మనసు పెట్టండి. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో నిపుణులు దగ్గరుండి చేయించేదీ ఇలాంటి సాధనే.

భయంతో క్లాసులు, పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎగ్గొడుతున్నా, నెలల తరబడి తగ్గకపోయినా, తిండి మానేస్తున్నా, రోజుకు గంటలు అద్దం ముందే గడుస్తున్నా అది సిగ్గరితనం కాదు, చికిత్సతో తగ్గే సమస్య. కౌన్సెలర్‌ను గానీ, మానసిక వైద్యులను గానీ కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయితే బరువంతా పిల్లల మీదే వేయడం న్యాయం కాదు. ఒంటి మీద జోకు వేసిన విద్యార్థిని లెక్చరర్ అక్కడికక్కడే ఆపాలి. తడబడిన విద్యార్థిని పక్కన పెట్టకుండా మరో అవకాశం ఇవ్వాలి. సెలవులకు ఇంటికొచ్చిన బిడ్డను రంగు, బరువు కాకుండా స్నేహితుల గురించి, అక్కడి తిండి గురించి, ఈ మధ్య చదివినదాని గురించి అడగాలి. రూపం మీద వ్యాఖ్యానం మానుకోవడానికి మనకు పైసా ఖర్చు కాదు. అది మానకపోతే మాత్రం మన పిల్లలు తమకు వచ్చిన జవాబును కూడా లేచి చెప్పలేకపోతారు.