పాత చేతిగడియారములో బంగారమెంత?

అరుదైన పాత బంగారు చేతిగడియారములను సేకరించువారికి మొదటి చిక్కు ఇది: కేసు అంతయు బంగారమా, ఇత్తడిపై బంగారు రేకా? కంసాలి ఒరగల్లుపై గీసి చూచును. కాని ఆ గీత పైపొరను గురించి మాత్రమే చెప్పును. ఆకురాయితో లోతుగా రాచినచో లోపలి లోహము బయటపడును. గడియారపు వెల కూడ పడిపోవును!

గీత పడకుండ తెలిసికొనుటకు ఆర్కిమిడీస్ సూత్రము చాలును. యంత్రమును, అద్దమును, పట్టీని తీసివేసి, ఖాళీ కేసును గాలిలో ఒకసారి, నీటిలో ముంచి ఒకసారి తూచవలెను. బుడగలు అంటియుండరాదు. గాలిలో 15.5 గ్రాములు, నీటిలో 14.5 గ్రాములు తూగినదనుకొందము. తగ్గినది 1 గ్రాము. అనగా కేసు ఘనపరిమాణము 1 ఘన సెంటీమీటరు, సాంద్రత 15.5. ఇది 18 కారట్ల బంగారమునకు సరిపోవును. ఇత్తడి సాంద్రత సుమారు 8.5 మాత్రమే. మేలిమి బంగారమునకు 19.3. కలిపిన రాగి, వెండి పాళ్ళనుబట్టి మొదటి అంకె కొంత మారును. గులాబిరంగు కేసులకు ఆ రంగు రాగివలన వచ్చినదే. యంత్రము తీయకుండ ముంచినవారికి మాత్రము బంగారము సంగతి తెలియదు, తుప్పు సంగతి తెలియును.

18 కారట్లనగా వేయింటికి 750 పాళ్ళు బంగారము. స్విట్జర్లండులో 1995 వరకు ఈ బంగారముపై హెల్వేషియా అను స్త్రీ శిరస్సును, 14 కారట్లదానిపై ఉడుతను ముద్రించెడివారు. ముద్ర మిక్కిలి చిన్నది. మెరుగుపెట్టిన ప్రతిసారి కొంత బంగారము అరిగి, అంచులు గుండ్రనై, ముద్ర మాసిపోవును. అందుచేతనే తళతళలాడు కేసుకంటె, మెరుగెరుగని గీతల కేసుకు సేకర్తలు ఎక్కువ వెల ఇచ్చెదరు.