మీకు తెలుసా? లాబ్రడారు కూనకు తొలి పాఠము సంతలోనే

తూర్పుకనుమలలో, అరకు, పాడేరు ఘాటుదారుల వెంట, మందుపాతరలను, దొంగచాటుగా తరలు గంజాయిని పసిగట్టుటకు పోలీసులు వినియోగించు శునకములలో లాబ్రడారు జాతి ప్రముఖమైనది. హైదరాబాదు చేరువనున్న మొయినాబాదు పోలీసు శిక్షణాలయమున ఇట్టి జాగిలములు నెలల తరబడి తర్ఫీదు పొందును. అయినను, వాసన పట్టుట నేర్పుటకు చాల మునుపే, లోకమును జూచి బెదరకుండుట నేర్పవలెను.

కూనకు ఇంచుమించు 3వ వారము మొదలు 12వ వారము వఱకు గల కాలమే పరిసరములతో చెలిమికి అత్యంతానుకూలమని స్కాట్, ఫుల్లరు అను శాస్త్రజ్ఞులు 1965లో తమ గ్రంథమున వివరించిరి. ఆ గడువు మీరిన పిదప క్రొత్తదనము భయమునే ముందుగా పుట్టించును. టీకాల వరుస ముగియనిదే ఊరకుక్కలు తిరుగు నేలపై విడువరాదు గనుక, కూనను చేతులలోనే యుంచుకొని వారపు సంతలోని జనసమ్మర్దమును, థింసా నృత్యపు డప్పుల మ్రోతను, కొత్తవలస-కిరండూలు మార్గమున పోవు రైలుకూతను కొంత దూరమునుండియే పరిచయము చేయవలెను. అది వణకినచో వెనుకకు మరలుటయే ఉత్తమము, బలవంతము పనికిరాదు.

లాబ్రడార్లలో సుమారు నాల్గవ వంతునకు ఆకలిని హెచ్చించు జన్యులోపము కలదని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనుగొనిరి. ఆశ్చర్యమేమన, సహాయక శునకములలో అది మరింత విరివిగా కానవచ్చినది! ఈ తిండియాసయే శిక్షణకు ఆలంబనము, దండనము ఎన్నడును కాదు. పిలిచిన తోడనే వచ్చినపుడెల్ల ఉడికించిన కోడిమాంసపు తునుక నొసగి, ఈ జాతికి స్థూలకాయము సులభముగా కలుగును గాన, ఆ మేరకు రాత్రిభోజనమున తగ్గింపవలెను.