పాట నుంచి మిడికి: ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

ఎంపీత్రీ ఫైల్లో ఉండేది ధ్వని. మిడి ఫైల్లో ధ్వని అసలు ఉండదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి వంటి సూచనలే ఉంటాయి. 1983లో వాడుకలోకి వచ్చిన ఈ పద్ధతిలో ప్రతి స్వరానికీ 0 నుంచి 127 లోపు ఒక అంకె. 440 హెర్ట్జ్‌ల స్వరం 69. ఆ అంకెలు చదివి పలకడం కీబోర్డుకు క్షణంలో పని. వినిపించే పాట నుంచి వాటిని రాబట్టడమే కష్టం.

కారణం తీగలోనే ఉంది. 220 హెర్ట్జ్‌ల తీగను మీటితే 440, 660, 880 హెర్ట్జ్‌ల అతిస్వరాలూ వెంట పలుకుతాయి. మరి 440 వినిపిస్తే అది ఆ తీగదేనా, వాద్యకారుడు విడిగా వాయించిన పై స్వరమా? ఒంటరి వేణువులో ఈ చిక్కు తక్కువ, పియానో మీద పది వేళ్లూ పడితే చాలా ఎక్కువ. అందుకే సాఫ్ట్‌వేర్ల పేర్లు వెతికే ముందు రికార్డింగును శ్రద్ధగా వినాలి.

ఒక్క గొంతు, ఒక్క వేణువు అయితే ఏబుల్‌టన్ లైవ్, లాజిక్ ప్రో వంటి సంగీత సాఫ్ట్‌వేర్లలోనే మిడిగా మార్చే సౌకర్యం ఉంది. ఒకేసారి పలికే స్వరాల్ని విడదీయడంలో జర్మనీ సంస్థ సెలెమోనీ తెచ్చిన మెలొడైన్‌కు మంచి పేరు. కానీ ఆ శక్తి ఎడిటర్, స్టూడియో ఎడిషన్లకే ఉంది. చవక ఎడిషన్ కొని నిరాశపడకూడదు. స్పాటిఫై 2022లో ఉచితంగా ఇచ్చిన బేసిక్ పిచ్ బ్రౌజర్లోనే పనిచేస్తుంది, అయితే ఒక్కో వాద్యాన్ని విడిగా ఇస్తేనే దాని ఫలితం బాగుంటుంది. సినిమా పాటనైతే ముందు డెమక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టాలి. గాత్రం, డ్రమ్స్, బేస్, మిగతావి అన్నదే దాని మామూలు విభజన. వీణకు, నాదస్వరానికి అందులో విడి చోటు లేదు.

కర్ణాటక సంగీతం దగ్గర అసలు పరీక్ష. తోడి రాగంలో గాంధారం నిలిచి ఉండదు, ఊగుతుంది. మెట్ల లెక్కే తెలిసిన సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క గమకాన్ని రి, గ, మ ముక్కలుగా నరికేస్తుంది. వీణ, వయొలిన్, గాత్రం కోసమైతే పిచ్ బెండ్ సమాచారం, అంటే స్వరం మెట్ల మధ్య ఎలా జారిందన్న వివరం, ఇవ్వని సాఫ్ట్‌వేర్‌ను మొదటే పక్కన పెట్టాలి. బేసిక్ పిచ్ ఆ సమాచారం ఇస్తుంది. శ్రుతి కూడా చూసుకోవాలి. గాయకుడి షడ్జం కీబోర్డు మీద రెండు మెట్ల మధ్య పడితే ప్రతి స్వరమూ అటో ఇటో జారుతుంది. రికార్డింగు శ్రుతిని ఒక మెట్టుకు సరిచేశాకే మిడిగా మార్చడం మేలు.

ఎంపికకు అరనిమిషం ముక్క చాలు, అదీ పాటలో అన్నిటికంటే చిక్కుగా ఉన్న చోటు. ట్రయల్ వెర్షన్లలో దాన్ని మార్చి, వచ్చిన మిడిని అసలు పాటతో కలిపి వినాలి. ఎన్ని స్వరాలు పట్టిందన్నది ఒక్కటే కాదు, దిద్దడానికి ఎంతసేపు పట్టిందన్నదీ లెక్కే. పాట పరిధికి అవతలి స్వరాల్ని, మరీ పొట్టి స్వరాల్ని వదిలేసే సెట్టింగులు ఉంటే ఆ శ్రమ చాలా తగ్గుతుంది. చివరగా, మిడిని పలికించే కీబోర్డులో పిచ్ బెండ్ పరిధి, పాటను మిడిగా మార్చిన సాఫ్ట్‌వేర్ వాడినంతే ఉండాలి. తేడా వస్తే సరిగ్గా పట్టిన గమకం కూడా అపశ్రుతిలో వినిపిస్తుంది.