నాలుగో నెల రిపోర్టు

రుమైథియాలో ఒక విల్లా పైవాటాలో నాతోపాటు ఉండే మిత్రుడు, కిందటి నెల ల్యాబ్ రిపోర్టు నా ముందు పడేసి, "అన్నా, ఇది కూడా పనిచెయ్యలేదు" అన్నాడు. అతనికి మూత్రంలో రోజుకి 8 గ్రాముల ప్రోటీన్ పోయేది. రెండు ఇంజెక్షన్లయిన నాలుగు నెలలకి అది 6 అయింది. మనబోటి వాళ్ళకి 0.15 దాటదు.

జబ్బు పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతీ. కిడ్నీలో వడపోత పొరని కాపాడే పోడోసైట్ కణాల మీద పిఎల్ఎ2ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. మన రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఈ సంగతి 2009లో బయటపడింది. సుమారు 70 శాతం రోగుల్లో దోషి ఇదే. మూడోవంతు మందికి మందుల్లేకుండానే తగ్గుతుంది. మావాడికి ఆ అదృష్టం లేదు. సైక్లోస్పోరిన్ వాడినన్నాళ్ళూ తగ్గి, ఆపగానే తిరగబెట్టింది.

అప్పుడిచ్చినది రిటుక్సిమాబ్. తంటా యాంటీబాడీలతో, మందూ యాంటీబాడీయే! రామాయణంలో పిడకల వేటనుకోకపోతే, ఆ పేరు చూడండి: 'టు' అంటే ట్యూమర్, 'క్సి' అంటే ఎలుకదీ మనిషిదీ కలిపినది, 'మాబ్' అంటే మోనోక్లోనల్ యాంటీబాడీ. వేరియబుల్ పేరులోనే దాని టైపు ఇరికించే మన పాత అలవాటే. 1997లో అమెరికాలో లింఫోమా కేన్సర్‌కి అనుమతి పొందిన మందిది. 2007లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు 'రెడిటక్స్' పేరుతో దీన్నే తక్కువ ధరకి తెచ్చారు.

ఇది బి-కణాల మీదుండే సిడి20 అనే గుర్తుని పట్టుకుని వాటిని చంపుతుంది. కానీ యాంటీబాడీలని అసలు తయారుచేసే ప్లాస్మా కణాల మీద ఆ గుర్తు ఉండదు! అంటే కొత్త కార్మికుల భర్తీ ఆగుతుందే గాని, ఉన్నవాళ్ళ పని ఆగదు. ఇప్పటికే రక్తంలో ఉన్న యాంటీబాడీ సగానికి తగ్గడానికే మూడు వారాలు కావాలి. ఆ తరవాత పొర బాగుపడాలి. అందుకే ముందు యాంటీబాడీ పడిపోతుంది, ప్రోటీన్ నెలల తరవాత గాని దిగదు.

2019లో వెలువడిన మెంటార్ పరీక్షలో 130 మందిని రెండు జట్లు చేశారు. ఏడాదికి జబ్బు అదుపులో ఉన్నవాళ్ళు రిటుక్సిమాబ్‌తో 60 శాతం, సైక్లోస్పోరిన్‌తో 52 శాతం. అక్కడే ఆపేసి ఉంటే పెద్ద తేడా లేదని తేల్చేవారు. రెండేళ్ళకి చూస్తే 60, 20! మావాడి కథ ఆ 52 నుంచి 20కి పడిపోవడంలోనే ఉంది.

అలాగని ఇది అమృతం కాదు. ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బి వైరస్‌ని లేపగలదు, కనుక ఆ పరీక్ష ముందే చేయించాలి. వేయించుకోవలసిన టీకాలుంటే అవీ వీలైనంతవరకు ముందే. నాలుగో వంతు కాదు, పదిలో నలుగురికి జబ్బు అదుపులో లేదని కూడా ఆ అంకెలే చెబుతున్నాయి.

మొన్న పిఎల్ఎ2ఆర్ యాంటీబాడీ పరీక్ష చేయించాం. నెగటివ్ వచ్చింది. ప్రోటీన్ మాత్రం ఇంకా 5 గ్రాములు. మావాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత లేచి, ఉప్పు తగ్గించి పప్పు వండాడు.