చిక్కీ పడని పిల్లకు బడిలో రక్షణ

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు కోడిగుడ్డు, వేరుశనగ చిక్కీ పెడతారు. పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలంలో తండాల నుంచి బడికొచ్చే పిల్లలకు అది మంచి బలం. కానీ ఆ వరసలో కూర్చున్న ఒక పిల్లకు అదే చిక్కీ ప్రాణం మీదికి తేవచ్చు.

అలర్జీ ఉన్న పిల్ల ఒంట్లో వేరుశనగ ప్రోటీన్లను శత్రువుగా గుర్తించే ఐజీఈ యాంటీబాడీలు మాస్ట్ కణాలకు అంటుకుని సిద్ధంగా ఉంటాయి. వేరుశనగ లోపలికి పోగానే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను ఒక్కసారిగా వదులుతాయి. దద్దుర్లు లేస్తాయి, పెదవులు వాస్తాయి, గొంతు బొంగురుపోతుంది, పిల్లికూతలు వస్తాయి, బీపీ పడిపోతుంది. ఇదే అనాఫిలాక్సిస్. దీన్ని 1902లో గుర్తించిన ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది.

దీనికి మొదటి మందు అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి ఇస్తారు. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము. అంటే 20 కిలోల పిల్లకు 0.2 మిల్లీగ్రాములు. సెట్రిజిన్ మాత్ర దురద తగ్గిస్తుందే తప్ప మూసుకుపోతున్న గొంతును తెరవలేదు. విదేశాల్లో బడుల్లో ఉంచే అడ్రినలిన్ పెన్ను ఇంజెక్షన్ మన దగ్గర సులువుగా దొరకదు. టీకాలు వేసేచోట మాత్రం అడ్రినలిన్ ఆంప్యూల్ సిద్ధంగా ఉంచుతారు. అందుకే అవసరమైనప్పుడు ఆ మందు అందేలా హెడ్మాస్టరు ముందుగానే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మాట్లాడి పెట్టుకోవాలి.

బడి చేయాల్సిన మిగతా పనులకు పెద్ద ఖర్చు లేదు. ఏది పడదో, ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి, పిల్ల ఫొటోతో వంటగదిలో, స్టాఫ్ రూములో అంటించాలి. వంట చేసే అమ్మలు ఆ పిల్లకు వేరే గరిటెతో ముందుగా వడ్డించాలి. చిక్కీ తిన్న పిల్లలంతా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఉత్త నీళ్లతో గానీ శానిటైజరుతో గానీ ఆ ప్రోటీన్ పూర్తిగా పోదు. పిల్లను దూరంగా ఒంటరిగా కూర్చోబెట్టడం, "ఒక్క ముక్క తింటే ఏమవుద్ది" అని తోటివాళ్లు ఆట పట్టించడం, రెండూ ఆపాలి.

లక్షణాలు కనిపిస్తే పిల్లను నడిపించకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి, ఊపిరాడకపోతే కూర్చోబెట్టండి. 108కి ఫోన్ చేసి అలర్జీ అని స్పష్టంగా చెప్పండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఏది పడదో బడిలో చేర్చిన రోజే టీచరుకు చెప్పండి. టీచర్లారా, దాన్ని ఆ రోజే రాసి పెట్టుకోండి.