ముఖము కనబడునట్లు వీడియో తీయుట

అనంతపురము జిల్లాలో వర్షము తప్పి వేరుశనగ ఎండినపుడు, రైతు గోడును ఫోనులో వీడియో తీసి అధికారులకు పంపదలచు పంచాయతీ సభ్యులకు మేము కొన్ని సంగతులు చెప్పదలచితిమి.

పలుమారు మాట వినబడును గాని, ముఖము నల్లని మచ్చవలె మిగులును. దోషము రైతు మేనిచాయది కాదు. కెమేరా దృశ్యమంతటి వెలుగును సగటు చూచుకొనును. వెనుక మండుచున్న ఆకాశమో, సున్నపు గోడయో ఉన్నచో మొత్తము వెలుగును తగ్గించును. అందుచే ముఖము చీకటిలో పడును.

మిట్టమధ్యాహ్నపు ఎండలో తీసినచో కనుగుంటలలో నీడ నిలుచును. అరుగు నీడలో, వెలుగు వచ్చు వైపునకు ముఖము త్రిప్పి రైతును కూర్చుండబెట్టవలెను. 1956లో వచ్చిన ‘అపరాజితో’ చిత్రమునకు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర స్టూడియోలో పైన తెల్లని గుడ్డ కట్టించి, దానిపై దీపముల కాంతి పడజేసి, తిరిగివచ్చు మెత్తని వెలుగుతో కాశీ ఇంటి ముంగిలిని పగటివలె చూపెను. మనకు ఉతికిన పంచె చాలును. ఇద్దరు దానిని ఎండ తగులునట్లు పట్టి, ఆ వెలుగును ముఖముపైకి మరల్చవచ్చును.

పిమ్మట తెరపై ముఖమును వ్రేలితో తాకి వెలుగు సరిచేయవలెను. నుదురు తెల్లబారినచో ఎక్కువైనదని తెలియును. గదిలో కిటికీ వెలుగునకు ట్యూబులైటును కలుపరాదు. ఒక్కొక్క చెంప ఒక్కొక్క రంగున కనబడును.

ముఖమును తెల్లగా, నునుపుగా చేయు ‘బ్యూటీ’ అమరికను ముందుగనే ఆపవలెను. ఎండకు కమిలిన చాయను చెరిపిన వీడియో కరవునకు సాక్ష్యము కానేరదు. తీసినదానిని మొదట రైతునకే చూపి, ఆయన సమ్మతించిన యెడలనే పంపవలెను.