నొప్పి పెట్టని జబ్బు – తలుపు తట్టే వైద్యం

పన్ను నొప్పి పెడితే మీరేం చేస్తారు? వెంటనే అమ్మతో చెబుతారు. కాలిలో ముల్లు దిగితే? అక్కడే కూర్చుని తీసేసుకుంటారు. నొప్పి అనేది మన శరీరం మోగించే గంట. ఎక్కడో ఏదో చెడిందని అది మనకు చెబుతుంది. మరి గంట మోగకుండానే ఇంట్లో దూరే దొంగ సంగతేమిటి? వాణ్ణి ఎలా పట్టుకోవాలి?

అలాంటి దొంగ ఒకటి ఉంది. దాని పేరు అధిక రక్తపోటు. జనం వాడుకలో 'బీపీ'. చాలామందిలో అది ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా ఉంటుంది. ఒకనాటి ఉదయం చెయ్యీ కాలూ పడిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. "నిన్నటిదాకా బాగానే ఉన్నాడే!" అంటారు ఇరుగుపొరుగు. నిజానికి నిన్నా బాగా లేడు. ఎవరూ కొలిచి చూడలేదు, అంతే.

ఒకే వీధి, రెండు ఇళ్లు

మంచిర్యాల జిల్లాలోని రామకృష్ణాపూర్‌నే తీసుకుందాం. సింగరేణి బొగ్గుగనులతో పెరిగిన ఊరు అది. అక్కడ కంపెనీ ఆస్పత్రి ఉంది. కంపెనీలో పర్మినెంటు ఉద్యోగం ఉన్న కార్మికుడికీ, అతని మీద ఆధారపడిన కుటుంబ సభ్యులకూ కంపెనీ ఉచితంగా వైద్యం చేయిస్తుంది.

అయితే గనుల ఊరిలో ఉండేవాళ్లందరూ కంపెనీ ఉద్యోగులు కారు. ఆటో నడిపేవాళ్లు, కూరగాయల బండివాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, మేస్త్రీలు, రోజుకూలీలు – వీళ్లంతా కూడా ఆ ఊరివాళ్లే. ఒకే వీధిలో రెండు ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒక ఇంటాయన గని కార్మికుడు. భార్యకు తల తిరిగితే కంపెనీ ఆస్పత్రికి తీసుకుపోతాడు. పక్కింటాయన ఆటో నడుపుతాడు. ఆయన భార్యకు నలభై అయిదేళ్లు. ఆమె చేతికి బీపీ పట్టీ ఒక్కసారీ చుట్టలేదు. ఆస్పత్రికి పోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. పైగా ఒంట్లో నొప్పేమీ లేదు. ఇక ఎందుకు పోతుంది?

మరి ఆరోగ్యశ్రీ లేదా అని మీరు అడగవచ్చు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ పథకం పేద కుటుంబాలకు ఎంతో మేలు చేసింది. కాని అది ముఖ్యంగా ఆస్పత్రిలో చేరి చేయించుకోవలసిన పెద్ద చికిత్సల కోసం ఏర్పడింది. గుండె ఆపరేషనుకు డబ్బు ఇస్తుంది. ఆ గుండె చెడకుండా రోజూ వేసుకోవలసిన చిన్న మాత్ర మాట వేరు. ఆ మాత్రను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగానే ఇస్తారు. అయితే జబ్బున్నదని తెలిసినవాళ్లే కదా అక్కడికి పోయేది!

తెలియనివాళ్లు ఎంతమంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఒక నివేదిక ప్రకటించింది. 30 నుంచి 79 ఏళ్ల లోపువారిలో సుమారు 130 కోట్లమందికి అధిక రక్తపోటు ఉందని అందులో చెప్పింది. వారిలో దాదాపు సగంమందికి ఆ సంగతే తెలియదు. జబ్బు అదుపులో ఉన్నది అయిదుగురిలో ఒకరికి మాత్రమే.

ఈ ఖాళీలోకే స్వచ్ఛంద కార్యకర్తలు అడుగుపెడతారు. వాళ్ల పని చూసేముందు, వాళ్ల చేతిలోని పరికరం కథ తెలుసుకుందాం.

గుర్రం నుంచి గాలిసంచి దాకా

మీ గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా నెత్తురును ధమనుల్లోకి తోస్తుంది. ఆ నెత్తురు ధమని గోడల మీద చూపే ఒత్తిడే రక్తపోటు. పొలంలో మోటారు పంపు గొట్టంలోకి నీళ్లు తోసినప్పుడు గొట్టం బిగుసుకోవడం చూశారు కదా, అదీ అటువంటిదే. ఒత్తిడి ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ధమనుల గోడలు గట్టిపడతాయి. మెదడులో సన్నని నాళం చిట్లినా, పూడుకుపోయినా పక్షవాతం వస్తుంది. గుండె, మూత్రపిండాలు, కళ్లు కూడా దెబ్బతింటాయి.

ఈ ఒత్తిడిని మొదట కొలిచినవాడు స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు. ఒక ఆడగుర్రం ధమనికి పొడవాటి గాజుగొట్టం తగిలించి చూశాడు. గొట్టంలో నెత్తురు 8 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు లేచింది! ఈ సంగతి 1733లో ప్రచురించాడు. కాని మనుషులకు ఇలా గొట్టాలు గుచ్చలేం కదా.

1896లో ఇటలీ వైద్యుడు రివా రోచీ ఒక మంచి ఉపాయం కనిపెట్టాడు. చేతికి గాలిసంచి చుట్టి, గాలి కొట్టి ధమనిని నొక్కాలి. ఎంత ఒత్తిడి దగ్గర నాడి ఆగిపోతుందో పాదరసం మట్టం చూపిస్తుంది. 1905లో రష్యా వైద్యుడు కొరొత్కోవ్ దీనికి స్టెతస్కోపును జోడించాడు. సంచిలోని గాలిని మెల్లగా వదులుతూ ఉంటే ఒకచోట 'టక్, టక్' అని చప్పుడు మొదలవుతుంది. నొక్కుకుపోయిన ధమనిలో నెత్తురు దూరుతోందన్నమాట. అది పై అంకె. ఇంకా గాలి వదిలితే ఒకచోట చప్పుడు ఆగిపోతుంది. నెత్తురు అడ్డు లేకుండా పారుతోందన్నమాట. అది కింది అంకె. '120 బై 80' అనేది ఇలా వచ్చింది. ఈ అంకెలు పాదరసం మట్టం ఎత్తు, మిల్లీమీటర్లలో. ఇప్పుడు పాదరసం వాడకం తగ్గి, అంకెలు చూపే మీటర్లు వచ్చాయి. అయినా కొలమానం పాదరసానిదే. వేర్వేరు రోజుల్లో కొలిచినా పై అంకె 140గాని, కింది అంకె 90గాని, అంతకు మించిగాని ఉంటే దాన్ని సాధారణంగా అధిక రక్తపోటు అంటారు.

పది సెంటీమీటర్ల తప్పు

బీపీ కొలవడం చాలా తేలిక అనుకుంటాం. ఇక్కడ ఒక చిన్న లెక్క చేసి చూడండి. పాదరసం నీటికన్నా 13.6 రెట్లు బరువు. నెత్తురు నీటికన్నా కొంచెమే బరువు. అంటే సుమారు 13 సెంటీమీటర్ల నెత్తురు మట్టం ఒక సెంటీమీటరు పాదరసానికి సమానం. ఇప్పుడు ఒకామె చెయ్యి గుండె మట్టానికి 10 సెంటీమీటర్లు కిందికి వేలాడుతూ ఉంటే ఏమవుతుంది? ఆ 10 సెంటీమీటర్ల నెత్తురు బరువూ కలిసి, అంకె సుమారు 8 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. నిజంగా 134 ఉన్నామెకు 142 వస్తుంది. చెయ్యి కింద ఒక దిండు లేకపోవడంవల్ల ఆరోగ్యంగా ఉన్న మనిషి రోగి అవుతుంది!

అందుకే మంచి శిక్షణ పొందిన కార్యకర్త తొందరపడడు. వచ్చినవాళ్లను అయిదు నిమిషాలు కూర్చోబెడతాడు. వీపుకు ఆనుడు ఉండాలి. పాదాలు నేలకు ఆనాలి. చెయ్యి బల్లమీద, గుండె మట్టానికి ఉండాలి. పట్టీని బట్టమీద చుట్టకూడదు. అది చేతి లావుకు తగినదై ఉండాలి. అరగంట ముందునుంచీ టీ, బీడీ, చుట్ట ఉండకూడదు. కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడితే అంకె పెరుగుతుంది. ఒక నిమిషం ఆగి రెండోసారి కొలవాలి. పందిరి కింద జనం కిక్కిరిసి, "త్వరగా కానీ" అని తోసుకునే శిబిరంలో ఇవన్నీ పాటించడం ఎంత కష్టమో ఊహించండి. ఉచితంగా చేస్తున్నాం కదా అని కొలతలో ఉదారంగా ఉండడానికి వీల్లేదు సుమా!

కొలిచాక ఏమిటి?

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. 2017 మే నెలలో అంతర్జాతీయ రక్తపోటు వైద్యుల సంఘం ఒక పెద్ద కార్యక్రమం చేపట్టింది. స్వచ్ఛంద కార్యకర్తలు 80 దేశాలలో సుమారు 12 లక్షలమందికి ఉచితంగా బీపీ చూశారు. వారిలో నూటికి దాదాపు 35 మందికి అధిక రక్తపోటు ఉన్నది. దొంగ దొరికాడు, బాగానే ఉంది. కాని పట్టుకుని వదిలేస్తే లాభమేమిటి?

దీనికి జవాబు అమెరికాలోని మంగలి దుకాణాలలో దొరికింది. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో నల్లజాతి మగవాళ్లలో రక్తపోటు ఎక్కువ. డాక్టరు దగ్గరికి పోవడం తక్కువ. కాని క్షౌరానికి మాత్రం తప్పకుండా పోతారు! డాక్టర్ రోనాల్డ్ విక్టర్, ఆయన తోటివారు 52 దుకాణాలలో 319 మందిని ఎంచుకున్నారు. కొన్ని దుకాణాలలో క్షురకులు "డాక్టరుకు చూపించుకోండి" అని మంచిమాట చెప్పారు. మిగిలినవాటిలో ఆ మాటతోపాటు మందుల నిపుణుడు దుకాణానికే వచ్చి, డాక్టర్లతో కలిసి మందు నిర్ణయించి, మళ్లీమళ్లీ కొలిచి చూశాడు. ఆరు నెలల తర్వాత, మాట మాత్రమే చెప్పినచోట పై అంకె సగటున 9 మిల్లీమీటర్లు తగ్గింది. మందు కూడా వచ్చినచోట 27 తగ్గింది! ఈ ఫలితాలు 2018లో ప్రచురించారు.

చూశారా తేడా? సలహాకు కొంత బలం ఉంది. సలహా, మందు, మళ్లీ వచ్చి పలకరించడం – ఈ మూడూ కలిస్తే దాని బలం మూడింతలు.

మన దగ్గర ఏం చేశారు?

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. నెల్లూరులో డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి పేదలకోసం ప్రజావైద్యశాల నడిపారు. జనం ఆయనను 'రామ్ డాక్టర్' అని పిలుచుకునేవారు. పల్లె యువకులకు వైద్యంలో శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపడం ఆ వైద్యశాల చేసిన పెద్ద పని. 1988 ఫిబ్రవరి 28న ఏర్పడిన జన విజ్ఞాన వేదిక కూడా ఆరోగ్యాన్ని తన ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. సింగరేణి బొగ్గు మొదట దొరికిన పాత ఖమ్మం జిల్లా వైపే చూడండి. ఖమ్మంలో బోడేపూడి విజ్ఞాన కేంద్రం బీపీ, షుగరు ఉన్నవారికోసం నెలనెలా శిబిరం నడుపుతూ వచ్చింది. వైద్యులు చూస్తారు, నెలకు సరిపడా మందులు తక్కువ ఖర్చులో అందుతాయి.

'నెలనెలా' అన్నమాట గుర్తు పెట్టుకోండి. కీలకం అందులోనే ఉంది. బీపీ మాత్ర జ్వరం మాత్రవంటిది కాదు. నాలుగు రోజులు వేసుకుని ఆపేసేది కాదు. మాత్ర మానితే ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది. ఏడాదికి ఒకసారి పందిరి వేసి, నెల మందులిచ్చి పోయే శిబిరం ఆ నెలకు మాత్రమే వైద్యం చేసినట్టు.

ప్రభుత్వం కూడా ఈ సంగతి గుర్తించింది. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ఎవరికి ఏ మందు, ఎంత ఇవ్వాలో ఒకే పద్ధతి పెట్టారు. ఒక్కొక్క రోగికి ఒక కార్డు పెట్టి, రానివారిని గుర్తించి కబురు చేయడం అందులో ముఖ్యమైన భాగం. కాబట్టి స్వచ్ఛంద కార్యకర్త చేయగల గొప్ప పని తానే డాక్టరు కావడం కాదు. ఆటో నడిపే ఆయన ఇంటికి పోయి, సరిగ్గా కొలిచి, అంకె రాసుకుని, ఆమెను ఆరోగ్య కేంద్రం దాకా తీసుకుపోవడం. వచ్చే నెల మళ్లీ పోయి, "అక్కా, మాత్రలు వేసుకుంటున్నావా?" అని అడగడం. ఈ ప్రశ్నకు మీటరు అక్కర్లేదు. కాని మీటరు చేసిన పనిని నిలబెట్టేది ఈ ప్రశ్నే.

మీరేం చేయవచ్చు?

మీరు మందు ఇవ్వకూడదు. ఇతరుల మాత్రలు ఎవరికీ ఇప్పించకూడదు. నడుస్తున్న మందు ఆపమని చెప్పకూడదు. అవి డాక్టరు పనులు. అయినా మీరు చేయగలిగింది చాలా ఉంది.

ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ ఇంట్లో, పక్కింట్లో ముప్ఫై దాటినవారు ఎంతమంది ఉన్నారో చూడండి. "చివరిసారి బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగి తేదీ రాయండి. చాలామందికి ఆ గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడులవాళ్లను దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి గాని, ఆశా కార్యకర్త దగ్గరికి గాని తోడు తీసుకుపోండి. ఇంట్లో ఉప్పు సంగతీ కనిపెట్టండి. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే సుమారు ఒక చెంచా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూర, చారు, పచ్చడి, పెరుగులో కలుపుకునేది – అన్నీ కలిపి అంతే!

ఎవరికైనా హఠాత్తుగా మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా "కాసేపు పడుకుంటే తగ్గుతుంది" అననివ్వకండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి. పక్షవాతంలో ప్రతి నిమిషానికీ విలువ ఉంది.

నెల తిరిగాక ఆ నోటుపుస్తకం మళ్లీ తెరవండి. ఖాళీ గడులు ఎన్ని నిండాయో లెక్కపెట్టండి. అంకె ఎక్కువ వచ్చినవాళ్ల ఇంటికి మరోసారి పోయి పలకరించి రండి.